బాష్పీభవన వాహిక గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బాష్పీభవన వాహిక గారికి, నమస్కారాలు. ఉభయ కుశలోపరి.

తమరి నివాసం అందరికీ తెలిసినదే: సముద్రం మీది పలుచని గాలిపొర. ఇంగ్లీషువాళ్లు తమరిని ‘ఎవాపరేషన్ డక్ట్’ అంటారు. సముద్రాన్ని ఆనుకుని ఉన్న గాలి తేమతో నిండిపోయి, కాస్త పైకి వెళ్లేసరికి ఆ తేమ చకచకా తగ్గిపోవడం వల్ల, రేడియో తరంగాలు కిందికి వంగి, భూమి వంపు వెంబడే సాగుతూ తమరి కప్పు కింద చిక్కుకుంటాయి. ఆ కప్పు ఎత్తు సగటున 13 మీటర్లు. ఉష్ణమండలంలో 30 మీటర్లు కూడా దాటవచ్చు. సుమారు 3 గిగాహెర్ట్జ్‌కు పైబడిన పౌనఃపున్యంతో పనిచేసే రాడార్‌కు దిగంతం అవతలి ఓడను చూపించే దయ తమరిదే. అదే చేత్తో దూరపు అలల ప్రతిధ్వనులను తెరనిండా చల్లే కొంటెతనమూ తమరిదే.

చిక్కల్లా తమరిని కొలవడంలోనే ఉంది. డెక్కు మీదినుంచి వాతావరణాన్ని కొలిచే రేడియోసోండ్ బెలూన్ వదిలితే, చెయ్యి జారే క్షణానికే అది తమరి ఇంట్లో చాలా భాగం దాటేసి ఉంటుంది. ఓడకే సెన్సర్ బిగిద్దామంటే, ఎండకు కాలిన ఇనుము చుట్టూ ఉన్న గాలిని వేడెక్కించి లెక్కంతా తారుమారు చేస్తుంది. పోనీ నీటిపై తేలే చిన్న బోయ్‌కు కట్టి నీటికి మీటరు ఎత్తున ఉంచుదామా అంటే అలలు ఊరుకోవు. ఒకసారి తేమ గంటల తరబడి నూటికి నూరు దగ్గరే నిలిచిపోవడం చూసి, అది తమరి మహిమేనని మురిసిపోయి, నివేదికలో ఒక పేరా కూడా రాసేశాను; సెన్సర్ విప్పి చూస్తే జాలీ నిండా తడి ఉప్పు.

2015లో తమరిని కొలవడానికి చేసిన కాస్పర్ ప్రయోగం నార్త్ కరోలినాలో డక్ అనే ఊరి తీరాన జరిగింది. డక్ట్‌ను వెతకడానికి డక్‌కు వెళ్లడం కేవలం యాదృచ్ఛికమని నమ్ముతున్నాను. 2017లో అదే ప్రయోగం కోసం కాలిఫోర్నియా తీరానికి ఫ్లిప్ అనే పరిశోధన నౌకనే రప్పించారు. 108 మీటర్ల పొడవున్న ఆ నౌక ఒక కొసలో నీళ్లు నింపుకుని నిట్టనిలువుగా లేచి, అలలకు పెద్దగా ఊగకుండా నిలబడేది. తమరి దర్శనం కోసం ఓడ సైతం తలకిందులు కావలసివచ్చిందన్నమాట!

గాలి ఉష్ణోగ్రత, నీటి ఉష్ణోగ్రత, తేమ, గాలివేగం ఇస్తే తమరి ఎత్తు చెప్పే సూత్రాలు లేకపోలేదు. గాలి నీటికన్నా చల్లగా ఉన్నంతసేపు అవి బుద్ధిగానే ఉంటాయి. గాలి వేడెక్కిందా, కొలతలో చిన్న పొరపాటుకే తమరిని ఎక్కడికో ఎగరేస్తాయి.

రేపు ఉదయం బోయ్‌ను మళ్లీ దింపుతున్నాం. సెన్సర్‌ను మంచినీటితో కడిగాం. దయచేసి ఆ పూటకైనా ఇంట్లో ఉండండి.

ఇట్లు,
తమరి కప్పు కిందే నిలబడి తమరిని వెతుకుతున్న
కొలతల గుమాస్తా