మూసీకి పండగే లేదంటే, ఘటం ఎక్కడికి పోతోంది? అలం ఎక్కడికి పోతోంది?

ఆషాఢం వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. మూసీ ఉత్త మురికికాలువ, దానికి ఏనాడూ పండగ లేదట. బోనాల ఊరేగింపు 2014 తర్వాత సర్కారు పెట్టిందట. పాతబస్తీ మతసామరస్యమంతా నిజాం మూసీకి పూజ చేశాడన్న కట్టుకథేనట.

2014లో జరిగింది బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించడం ఒక్కటే. పండుగ అంతకు ఎన్నో తరాల ముందుది.

మూసీ మురికి నిజమే, కానీ ఆ మురికి మనం వదిలిందే. పండగ లేదన్నవాళ్లు ఊరేగింపుల దారి చూడాలి. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి నుంచి అమ్మవారి ఘటం, అంటే అమ్మవారిగా కొలిచే కలశం, ఏనుగెక్కి చార్మినార్, గుల్జార్ హౌజ్, మదీనా మీదుగా నయాపూల్ చేరుతుంది. అక్కడ మూసీలో ఘటాన్ని సాగనంపితేనే పాతబస్తీ బోనాలు ముగిసినట్టు. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి బీబీ కా అలం, అంటే బీబీ ఫాతిమా పేరిట ఎత్తే పవిత్ర ధ్వజం, కూడా ఏనుగు మీదే బయల్దేరి, అదే చార్మినార్, అదే గుల్జార్ హౌజ్ దాటి చాదర్‌ఘాట్ చేరుతుంది. అదీ మూసీ ఒడ్డే. 2025లో జూలై 6న అలం వెళ్లింది, 21న ఘటం వెళ్లింది. జూపార్కు ఏనుగు రజని ఏళ్ల తరబడి ఆ రెంటినీ మోసింది. ఇంతకన్నా ఏం చూపించాలి?

ఇక నిజాం సంగతి. 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేల ప్రాణాలు తీసింది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఒడ్డుకొచ్చి మూసమ్మకు పసుపు కుంకుమలు సమర్పించాడన్నది పాతబస్తీ తరతరాలుగా చెప్పుకునే మాట. కాగితం చూపించమంటారా? ఆ మాటను పక్కనపెట్టినా అలానికి దట్టీలు (మొక్కు గుడ్డలు) కట్టే హిందువులు ఎక్కడికీ పోరు. తెలంగాణ పల్లెల్లో మొహర్రానికి పీర్లను (అలాలనే అక్కడ అలా అంటారు) ఎత్తుకుని అసోయ్ దూలా ఆట ఆడేవాళ్లలో హిందువులెందరో ఉన్నారు. సామరస్యం నిలిచింది వీళ్ల మొక్కుల మీద.

అల్లర్లు జరగలేదా అని కూడా అడుగుతోంది ఆ మెసేజ్. జరిగాయి, ఈ వీధులు కర్ఫ్యూలు చూశాయి. అందుకే సరిగ్గా ఊరేగింపుల ముందు దీన్ని పంచడం నాకు భయం కలిగిస్తోంది. మీ గ్రూపులోకి వస్తే ముందుకు పంపకండి. పంపినవాళ్లకు ఆ రెండు దారులూ చెప్పండి.