రవ్వలో మరుగైన పేరు

ఉప్మాకు బొంబాయి రవ్వ కొలిచి పోసేటప్పుడు అందులో పొట్టు నలుసు కనబడలేదేమని ఎవరూ ఆశ్చర్యపోరు. నూటయాభై ఏళ్ల క్రితం అమెరికాలోని మిన్నెసోటా మిల్లులను వేధించినది సరిగ్గా ఆ పొట్టే. అక్కడి చలికి అనువుగా వసంతంలో విత్తే గట్టి గోధుమ తొక్క పెళుసుగా ఉండి, వడిగా తిరిగే తిరగలి రాళ్ల నడుమ తునకలై పిండిలో కలిసిపోయేది. జిగురు ఎంత ఉన్నా, తెలుపు తగ్గిన ఆ పిండికి అంగట్లో ధర పలికేది కాదు.

దీనికి విరుగుడు చూపినవాడు ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన ఎడ్మండ్ లాక్రువా. ఫారిబో పట్టణంలో పనిచేసిన ఆయన 1870లో మిన్నియాపొలిస్‌లోని వాష్‌బర్న్ మిల్లుకు చేరి, నిర్వాహకుడు జార్జ్ క్రిస్టియన్ అండతో మరుసటి ఏటికి రవ్వను శుద్ధిచేసే యంత్రాన్ని నడిపించాడు. సూత్రం మన చేటకు తెలిసినదే: కదిలే జల్లెడ మీద రవ్వ సాగుతుండగా గాలి విసురుకు తేలిక పొట్టు లేచిపోతుంది, బరువైన రవ్వ మిగిలి మళ్లీ తిరగలికి వెళ్లి తెల్లటి పిండి అవుతుంది. చవక సరుకనిపించుకున్న వసంత గోధుమ పిండికి ఆ తర్వాతే గిరాకీ పుట్టింది. 1880 నుంచి అర్ధశతాబ్దం పాటు పిండి ఉత్పత్తిలో అమెరికాలో మిన్నియాపొలిస్ అగ్రస్థానంలో నిలవడానికి జలపాతపు శక్తి, రైలు మార్గాలతో పాటు ఈ చెరుగుడు కూడా కారణమే.

లాక్రువాను ఏకైక ఆవిష్కర్తగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ఇలాంటి యంత్రం ఫ్రాన్స్‌లో అప్పటికే ఉంది. జల్లెడ పూడుకుపోకుండా బ్రష్షు అమర్చి లాక్రువా యంత్రాన్ని మెరుగుపరచినవాడు జార్జ్ స్మిత్. అయితే పరదేశపు నేర్పును కొత్త నేల గింజకు కుదర్చడం చిన్న పని కాదని, ఆ పనికి లాక్రువాకు దక్కిన ప్రతిఫలం మిల్లు యజమానుల లాభాల ముందు లెక్కలోకి రానిదని మా అభిప్రాయం.

ఈ యంత్రానికి మరో ముఖం కూడా ఉంది. అది లేపిన దుమ్ము మిల్లంతా కమ్ముకునేది. 1878 మే 2న వాష్‌బర్న్ 'ఎ' మిల్లు పిండి దుమ్ము అంటుకుని పేలి, పొరుగు మిల్లులతో కలిపి 18 మంది చనిపోయారు. తిరిగి కట్టిన మిల్లులో రాళ్ల స్థానంలో ఉక్కు రోలర్లు వచ్చాయి. ఆ మార్పు బాధ్యత మోసిన ఇంజనీరు విలియం డి లా బార్ ఆస్ట్రియా నుంచి వచ్చినవాడు.