వయ వందన కార్డు పేరిట తిరుగుతున్న సందేశం: ఇందులో నిజమెంత, ఎర ఎంత

కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లోనూ, అపార్ట్‌మెంటు సంఘాల్లోనూ, విశ్రాంత ఉద్యోగుల బృందాల్లోనూ, మాటలు కాస్త అటూ ఇటూ మారుతూ, ఒక సందేశం చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: "డెబ్బై ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ కేంద్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయల ఆరోగ్య బీమా ఇస్తోంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఏ జబ్బుకైనా పైసా కట్టనక్కర్లేదు. ఇక ప్రైవేటు పాలసీలకు ప్రీమియం కట్టడం దండుగ. నమోదుకు ఈ నెలాఖరే గడువు. కింది లింకు నుంచి యాప్ దించుకొని, నమోదు రుసుము చెల్లించి, మీకు వచ్చే ఓటీపీని మా ప్రతినిధికి చెప్పండి."

ఇందులో మొదటి వాక్యం చాలావరకు నిజం. ఆ నిజమే తక్కిన అబద్ధాలన్నిటికీ పూచీ పడుతోంది. ఈ సందేశాన్ని నమ్మిన పెద్దలను అమాయకులని తీసిపారేయడం అన్యాయం; పథకం గురించి వారు టీవీలో విన్నారు, పత్రికలో చదివారు, అది నిజంగానే ఉంది. కాబట్టి "అంతా మోసం, డిలీట్ చేయండి" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే వారికి న్యాయంగా దక్కవలసిన సాయం కూడా దూరమవుతుంది. ఒక్కొక్క మాటనూ విడదీసి చూడటమే సరైన పద్ధతి.

"ప్రతి ఒక్కరికీ 5 లక్షలు" అన్న మాటతో మొదలుపెడదాం. ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను 2018 సెప్టెంబరు 23న రాంచీలో పేద కుటుంబాల కోసం ప్రారంభించారు. 2024 అక్టోబరు 29న దాన్ని ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు, ఆపైబడిన వారందరికీ విస్తరించారు. వారికిచ్చే కార్డే ఆయుష్మాన్ వయ వందన కార్డు. అయితే ఏడాదికి 5 లక్షల పరిమితి కుటుంబం ప్రాతిపదికన ఉంటుంది గనుక, భార్యాభర్తలిద్దరూ 70 దాటినవారైతే ఆ మొత్తాన్ని ఇద్దరూ కలిసి వాడుకోవాలి. అంతకుముందే ఆయుష్మాన్ పరిధిలో ఉన్న కుటుంబాల్లోని వృద్ధులకు మాత్రం అదనంగా మరో 5 లక్షల వరకు రక్షణ ఉంటుంది. దాన్ని ఇంట్లోని చిన్నవారితో పంచుకోనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు వర్తించే సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికులకు వర్తించే ఈసీహెచ్‌ఎస్ వంటివి ఉన్నవారు పాతదో, కొత్తదో ఒకటే ఎంచుకోవాలి. రెండూ దక్కుతాయని సందేశం కలిగిస్తున్న భ్రమ సరికాదు.

"ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఏ జబ్బుకైనా" అన్నదానికి ఎక్కువ చర్చ అవసరం లేదు. 2007 నుంచి ఆరోగ్యశ్రీని చూస్తున్న తెలుగువారికి నెట్‌వర్క్ ఆసుపత్రి అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ పథకమూ జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే, నిర్ణయించిన చికిత్సలకే, అదీ ఆసుపత్రిలో చేరి తీసుకునే వైద్యానికే వర్తిస్తుంది. నెలనెలా కొనే బీపీ, షుగరు మాత్రలకూ, ఓపీ చీటీకీ ఇందులో డబ్బు రాదు. కానీ ముందునుంచీ ఉన్న జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే రక్షణ లభించడం ఇందులోని నిజమైన మేలు. సందేశం రాసినవారికి ఆ సంగతి పట్టలేదు.

"ప్రైవేటు పాలసీ దండుగ" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. రుసుము పేరిట పోయేది వందల్లోనో వేలల్లోనో ఉంటే, ఈ సలహా వల్ల పోయేది లక్షల్లో ఉండవచ్చు. పైగా దీన్ని మోసగాళ్లే కాదు, మంచి మనసున్న బంధువులు కూడా చెబుతున్నారు. ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా వయ వందన కార్డుకు అర్హులే. రెంటినీ ఉంచుకోవచ్చని ప్రభుత్వమే స్పష్టంగా చెప్పింది. అలాంటప్పుడు ఒకటి వచ్చిందని రెండోదాన్ని ఎందుకు వదులుకోవాలి? ఆరోగ్య పాలసీ విలువ ఏటేటా పెరుగుతూ వస్తుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు బీమా సంస్థ విధించగల నిరీక్షణ కాలం 2024 నిబంధనల ప్రకారం గరిష్ఠంగా 36 నెలలు. ఆ కాలం దాటిన పాలసీని రద్దు చేసుకొని, పశ్చాత్తాపపడి మళ్లీ కొనబోతే, ఆ నిరీక్షణ మొదటి నుంచి మొదలవుతుంది. అసలు ఆ వయసులో, ఆ జబ్బులతో పాలసీ ఇస్తారో లేదో కూడా తెలియదు. అంతేకాదు, 60 నెలలు విరామం లేకుండా కొనసాగిన పాలసీపై, మోసం రుజువైతే తప్ప, ఫలానా జబ్బు సంగతి ముందుగా చెప్పలేదన్న కారణంతో క్లెయిమును తోసిపుచ్చడానికి వీల్లేదు. ఇన్నేళ్లు ప్రీమియం కట్టి సంపాదించుకున్న ఈ హక్కును ఒక ఫార్వర్డు మాట మీద వదులుకోవడం ఎంత నష్టమో ఇంట్లోని పిల్లలు పెద్దలకు ఓపికగా చెప్పాలి. ప్రీమియం నిజంగా భారమైతే దానికి వేరే దారులున్నాయి. వృద్ధుల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) 2025 జనవరిలో కంపెనీలను ఆదేశించింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా ఎత్తివేశారు. పాలసీ నచ్చకపోతే, అప్పటివరకు గడిచిన నిరీక్షణ కాలాన్ని కోల్పోకుండా మరో కంపెనీకి మారే పోర్టబిలిటీ సౌకర్యమూ ఉంది.

"ఈ నెలాఖరే గడువు", "నమోదు రుసుము" అన్న రెండు మాటలూ పూర్తిగా అబద్ధాలు. వయ వందన నమోదుకు ఆఖరి తేదీ అంటూ లేదు. 70 నిండినవారు ఎప్పుడైనా చేరవచ్చు. లబ్ధిదారు కట్టవలసిన ప్రీమియం లేదు, నమోదు రుసుము లేదు. ఈ పథకం పేరు చెప్పి లింకు పంపి డబ్బు అడిగారంటే, అడిగినది ఒక్క రూపాయైనా సరే, అవతలివారు ప్రభుత్వం తరఫున మాట్లాడటం లేదని అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. గడువు పెట్టడంలోని ఉద్దేశం కూడా తేటతెల్లమే: సాయంత్రం కొడుకో కూతురో ఇంటికి వచ్చేదాకా ఆగి అడిగే వ్యవధి పెద్దలకు దొరకకూడదు.

ఇక యాప్, ఓటీపీ. మనం అందరికీ చెప్పే "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అన్న జాగ్రత్త మంచిదే గాని, ఇక్కడ అది సరిపోదు. ఎందుకంటే అసలైన నమోదులోనూ ఆధార్ ద్వారా గుర్తింపు నిర్ధారణ తప్పనిసరి, దానికి ఓటీపీ రావచ్చు. తేడా ఆ ఓటీపీ ఎక్కడికి వెళుతోందన్నదానిలో ఉంది. జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ వారి ఆయుష్మాన్ యాప్‌ను ప్లే స్టోర్ నుంచి దించుకొని, అందులో మనమే మన చేత్తో నమోదు చేయడం ఒక పద్ధతి. జాబితాలోని ఆసుపత్రికి ఆధార్ కార్డుతో వెళ్లి, అక్కడి సహాయ కేంద్రంలో ఎదురుగా కూర్చుని చేయించుకోవడం మరో పద్ధతి. ఫోనులో ముక్కూ ముఖం తెలియని వ్యక్తికి అంకెలు చదివి వినిపించడం ఈ రెంటిలోనూ లేదు. ఓటీపీ వచ్చిన సందేశాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడం కూడా అలవాటు కావాలి: ఆధార్ కోసం వచ్చినదైతే అందులో ఆధార్ ప్రస్తావన ఉంటుంది, ఖాతాలోంచి డబ్బు తీయడానికి వచ్చినదైతే సాధారణంగా ఎంత మొత్తమో అందులోనే రాసి ఉంటుంది.

వాట్సాప్‌లో ఏపీకే అనే ఫైలుగా వచ్చే యాప్ మరింత ప్రమాదకరం. దాన్ని ఫోనులో వేసుకొని, అది అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే, మనం నోరు విప్పకపోయినా మనకు వచ్చే ఎస్ఎంఎస్‌లను అది చదివి అవతలికి చేరవేయగలదు. వెబ్‌సైటు విషయంలోనూ అంతే. చిరునామాలో జీఓవీ అన్న అక్షరాలు ఎక్కడో ఉంటే చాలదు. https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న భాగం జీఓవీ డాట్ ఇన్ (gov.in) అనే ముగియాలి. ఆ అక్షరాలను మధ్యలో ఇరికించి, చివర వేరే పేరు పెట్టి ఏమార్చడం తరచుగా జరుగుతోంది. సందేహం ఉంటే ఈ పథకం సహాయవాణి 14555కు ఫోన్ చేసి అడగవచ్చు.

సందేశంలో లేకపోయినా, దాని వెనకే నడిచివచ్చే మరో మాట ఉంది. వివరాలు ఇచ్చినవారికి కొన్నాళ్లకు ఫోన్ వస్తుంది: "హైదరాబాదులోని ఐఆర్‌డీఏఐ కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాం, మీ పాత పాలసీలో బోనస్ పేరుకుంది, అది విడుదల కావాలంటే కొత్త పాలసీ ఒకటి తీసుకోవాలి." బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం నిజంగానే హైదరాబాదులో ఉంది, కాబట్టి తెలుగులో మాట్లాడే ఆ గొంతు నమ్మదగినదిగా వినిపిస్తుంది. కానీ ఆ సంస్థ పాలసీలు అమ్మదు, బోనస్‌లు ప్రకటించదు. ఈ సంగతిని అది ఎన్నోసార్లు బహిరంగ ప్రకటనల్లో చెప్పింది. అలాంటి ఫోన్ వల్ల ఏదైనా పాలసీ కొని ఉంటే, పత్రం అందిన 30 రోజుల్లోగా దాన్ని తిప్పి పంపి, స్వల్ప కోతలు పోను డబ్బు వెనక్కి పొందే హక్కు ఉంది. కంపెనీ పట్టించుకోకపోతే ఆ నియంత్రణ సంస్థ నంబరు 155255కు ఫోన్ చేసి గాని, దాని బీమా భరోసా పోర్టల్‌లో గాని ఫిర్యాదు చేయవచ్చు.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవారు సిగ్గుపడి దాచుకుంటున్నారు. పిల్లలు తిడతారన్న భయమే దానికి ముఖ్య కారణం. ఆ భయం పోగొట్టవలసింది పిల్లలే. 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఓటీపీ వంటివి ఖాతాదారే చెప్పేసిన సందర్భంలో, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలియజేసిన తర్వాత జరిగే నష్టం మాత్రం బ్యాంకుది. కాబట్టి మొదట బ్యాంకుకు, ఆ వెంటనే సైబర్ నేరాల సహాయవాణి 1930కు ఫోన్ చేసి, లావాదేవీ సంఖ్య, సమయం, డబ్బు వెళ్లిన ఖాతా లేదా యూపీఐ వివరాలు చెప్పి, ఫిర్యాదు సంఖ్య రాసి ఉంచుకోవాలి. ఆ ఏపీకే యాప్ ఉన్న ఫోనును వాడకుండా, ఇంట్లో మరొకరి ఫోను నుంచి ఈ పని చేయాలి.