26వ కిలో

పన్ను తప్పించుకోవడం పెద్దవాళ్ళకే చేతనవుతుందని ఒక అపవాదు ఉంది. నేను దాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. పోయిన వారం మా వీధి కిరాణా కొట్లో నేనూ టాక్స్ ప్లానింగ్ చేశాను.

పాతిక కిలోల బస్తా అడిగితే కొట్టాయన నా వైపు జాలిగా చూసి, గొంతు తగ్గించి, "26ది తీసుకెళ్ళండి సార్, దానికి జీఎస్టీ లేదు" అన్నాడు. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం బస్తా 25 కిలోల దాకా అయితే 5 శాతం పన్ను. 2022 జులై 18 నుంచీ ఇదే లెక్క. ఆ గీత దాటితే పన్ను లేదు. అందుకే మిల్లులవాళ్ళు 26 కిలోల బస్తాలు కుట్టడం మొదలుపెట్టారు. 1,400 రూపాయల బస్తా మీద 70 రూపాయలు మిగిలినట్టు. పెద్దవాళ్ళకి పన్ను తక్కువుండే మారిషస్ ఉంది, చార్టర్డ్ అకౌంటెంట్లు ఉన్నారు. నాకు ఒక కిలో బియ్యం ఉంది.

ఆ క్షణం నుంచి శ్రీమంతులంటే నాకు ఏదో దగ్గరి చుట్టాల్లా అనిపిస్తోంది. వాళ్ళ కష్టాలు మనకేం తెలుసు? పాపం, ప్రోత్సహిస్తే తప్ప వాళ్ళు పని చేయలేరు. కూలికెళ్ళేవాడికి ఆ బెంగ లేదు, ఆకలి చాలు.

చనిపోయినవాళ్ళ ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు. బతికున్నవాళ్ళ ఆస్తి మీద వేసే సంపద పన్నును 2015 బడ్జెట్లో అరుణ్ జైట్లీ ఎత్తేశారు. వచ్చేది వెయ్యి కోట్లు, వసూలుకు శ్రమేమో బోలెడు అన్నారు. సబబే. బీరువాలో నగలు లెక్కపెట్టడానికి ఎవరెళ్తారు? నా బియ్యం బస్తా అయితే బిల్లింగ్ మిషన్ ముందు బుద్ధిగా నిలబడుతుంది. మన తప్పల్లా సులువుగా దొరకడమే.

సంపద పన్ను బదులు కోటి దాటిన ఆదాయం మీద సర్‌చార్జి, అంటే పన్ను మీద పన్ను, 2 శాతం పెంచిన మాట నిజమే. అది పెరిగి పెరిగి 5 కోట్లు దాటినవాళ్ళకి 37 శాతం అయ్యేసరికి ప్రభుత్వానికే మనసొప్పలేదు. 2023లో కొత్త పన్ను విధానంలో 25కి దించారు.

అన్నిటికన్నా పెద్ద ప్రోత్సాహం 2019 సెప్టెంబర్ 20న గోవాలో. కంపెనీ పన్ను మూల రేటు 30 నుంచి 22 శాతానికి తగ్గిస్తున్నామని, మినహాయింపులు వదులుకుంటే చాలని నిర్మలా సీతారామన్ చెప్పారు. ఖజానాకు ఏడాదికి 1.45 లక్షల కోట్లు తగ్గుతుందని కూడా వాళ్ళే లెక్క చెప్పారు. తలా వెయ్యి రూపాయల పైమాటే. సెన్సెక్స్ ఆ ఒక్కరోజే 1,921 పాయింట్లు ఎగిరింది. మా వీధిలో ఎవరూ ఎగరలేదు, బహుశా వార్త ఆలస్యంగా చేరి ఉంటుంది. 2023-24 వచ్చేసరికి కంపెనీలు కట్టిన పన్ను సుమారు 9.1 లక్షల కోట్లు, మామూలుగా ఐటీ రిటర్నులు వేసుకునే మనుషులు కట్టింది 10.4 లక్షల కోట్లు. ఇందులో మా బియ్యం పద్దు లేదు, అది వేరే ఖాతా.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఈయన మనవాడే, మనం ఓటేసినవాడే. నెయ్యి గిన్నె మాత్రం మొదటి పంక్తిలోనే తిరుగుతోంది. కంగారు పడకూడదు. పైవాళ్ళ విస్తళ్ళు నిండాక అంచు మీంచి పొర్లి మన దాకా వస్తుందని అర్థశాస్త్రం తెలిసినవాళ్ళు చెబుతూనే ఉన్నారు. నేను విస్తరి మడవకుండా కూర్చున్నాను.

నిజం చెప్పాలంటే, పైనున్నది కిందికి జారడం నేను కళ్ళారా చూశాను. ఆ రోజు స్కూటీ ముందు బస్తా పెట్టుకుని ఇంటికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే, కొట్టు నుంచి మా గేటు దాకా సన్నగా తెల్లటి గీత. కుట్టు ఎక్కడో ఊడింది. పావురాలు, మూలింటివాళ్ళ కోడిపెట్ట, నాలుగు చీమల దండులు బాగా లబ్ధి పొందాయి.

మా ఆవిడ అనుమానంగా బస్తా తూచింది. సరిగ్గా 25 కిలోలుంది.

ఇప్పుడిది పన్ను పరిధిలోకి వస్తుందేమోనని టెన్షన్ పట్టుకుంది. ఎందుకైనా మంచిదని లేబుల్ చింపేసి, బియ్యం డబ్బాలో పోసేశాం.