పుట్టింటికి తిరిగొచ్చిన ఓటు

అత్తారింట్లో పడక అలిగొచ్చిన కూతురిలా, వేసిన ఓటు గడప దగ్గరికి తిరిగొచ్చింది. కెనడాలో 2025 ఏప్రిల్ 28న పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. అందులో మాంట్రియల్ శివారు నియోజకవర్గం టెర్‌బోన్‌లో, ఒక ఓటరు పోస్టులో పంపిన కవరు పోలింగ్ అయిపోయాక ఇంటికే వచ్చి పడింది.

వేల మెజారిటీ ఉన్న చోటైతే ఆ కవరును ఎవరూ పట్టించుకోరు. టెర్‌బోన్ సంగతి వేరు. పోలింగ్ రాత్రి లెక్కలో లిబరల్ అభ్యర్థి తాత్యానా ఆగస్త్ 35 ఓట్లతో గెలిచారన్నారు. తర్వాత బూత్‌ల లెక్కపత్రాలు సరిచూస్తే క్యూబెక్ ప్రాంతీయ పార్టీ బ్లాక్ కెబెక్వా అభ్యర్థి నతాలీ సింక్లేర్-దెగాన్యే 44 ఓట్ల ముందున్నారు. ఈ సరిచూపులో ఓట్లను మళ్లీ లెక్కపెట్టరు. రాత్రి హడావిడిలో చెప్పిన అంకె, కాగితం మీది అంకె ఒకటేనా అని మాత్రమే చూస్తారు. తేడా చెల్లిన ఓట్లలో వెయ్యో వంతు కన్నా తక్కువైతే, ఎవరూ అడగకపోయినా జడ్జి ముందు రీకౌంట్ జరగాల్సిందే. ఇక్కడ చెల్లినవి 60 వేల పైచిలుకు, కాబట్టి గీత 60 దగ్గర. 44 దాని లోపలే. మే 10న తేలింది: 23,352, 23,351. ఒక్క ఓటుతో మళ్లీ లిబరలే. మిఠాయి పొట్లం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరగడమే సరిపోయింది.

ఈవీఎం మీట నొక్కి బీప్ విని ఇంటికొచ్చే మనకు రీకౌంట్ తంటా అర్థం కాదు. అక్కడ కాగితం, పెన్సిలు. పేరు పక్కనున్న గుండ్రంలో ఇంటూ పెట్టినా, టిక్కు పెట్టినా చెల్లుతుంది. ఇద్దరికి పెడితే, గుండ్రం బయట పెడితే, ఎవరు వేశారో తెలిసేలా సంతకం గీకితే చెల్లదు. ఆ గీత గుండ్రం లోపలా బయటా అని చదువుకున్నవాళ్లు జడ్జిగారి ముందు కళ్లు చికిలించి చూస్తారు.

పోస్టులో ఓటు ఇంకో ప్రహసనం. ఇంటికొచ్చే బ్యాలెట్ మీద పేర్లుండవు, అంతా ఖాళీ. అభ్యర్థి పేరు మనమే రాయాలి. పార్టీ పేరొక్కటే రాస్తే లెక్కలోకి రాదు. సైకిలు, ఫ్యాను అని గుర్తుల మీద బతికేవాళ్లం ఒకసారి ‘సింక్లేర్-దెగాన్యే’ అని తప్పుల్లేకుండా రాసి చూడాలి! (అక్షరం అటూ ఇటూ అయినా, ఎవరికో తెలిస్తే ఒప్పుకుంటారు, పాపం.) బ్యాలెట్‌ను పేరూ ఊరూ లేని లోపలి కవర్లో, దాన్ని సంతకం చేసిన బయటి కవర్లో పెట్టి అంటించాలి, ఉల్లిపాయ పొరల్లా. అది పోలింగ్ ముగిసేలోగా ఎన్నికల ఆఫీసుకు చేరాలి. ఆరోజు పోస్టులో వేయడం కాదు, చేరడం.

ఓటరు ఇవన్నీ ఒద్దికగా చేశారు. ఓటు బ్లాక్‌కే వేశానని కూడా చెప్పారు. తప్పు ఎన్నికల సంస్థది: ఓటు చేరాల్సిన చిరునామాగా కవరు మీద అచ్చు వేసిన పోస్టల్ కోడ్‌లో ఆఖరి మూడు తప్పు. మన పిన్‌కోడ్‌లాగే అక్కడిదీ ఆరే, కాకపోతే అక్షరం, అంకె, అక్షరం, అంకె అని జడలా అల్లి ఉంటుంది. మొదటి మూడు ప్రాంతాన్ని చెబుతాయి, చివరి మూడు వీధి మొగ దాకా తీసుకెళ్తాయి. అంటే కవరు ఊరికి సరిగ్గానే బయల్దేరింది, వీధిలోనే దారి తప్పింది. పైగా అచ్చు వేసిచ్చిన చిరునామాను ఎవరు చదువుతారు?

ఇలాంటి కవర్లు 115. వాటిలో 85 వేళకు చేరాయి, బహుశా కోడ్‌ను నమ్మకుండా వీధి పేరు చదివిన పుణ్యాత్ములెవరో ఉండి ఉంటారు. 5 ఆలస్యంగా వచ్చాయి, 24 అసలు రాలేదు (పంపారో లేదో దేవుడికెరుక), ఒకటి పుట్టింటికి చేరింది.

ఆ ఒక్కటి లెక్కలో పడితే సరిసమానం! గొడవ సుప్రీంకోర్టు దాకా నడిచింది. మన దగ్గరైతే సమానమైతే చీటీ తీసి తేల్చేస్తారు. కెనడాలో అది కుదరదు, మళ్లీ ఎన్నికే. మళ్లీ పెన్సిళ్లు, మళ్లీ గుండ్రాలు, మళ్లీ అచ్చు వేసిన కవర్లు. ఈసారి కోడ్ చదివే పని ఎవరికైనా అప్పగిస్తే బాగుండు.