చొక్కా మీద చుట్టరికం

మా వీధిలో ఈమధ్య ఏ శుభకార్యం వచ్చినా ఇంటిల్లిపాదీ ఒకే రకం టీషర్టులు వేసుకోవడం ఫ్యాషనైపోయింది. అన్నప్రాసనకి ఒక రంగు, గృహప్రవేశానికి ఒక రంగు. అలాంటప్పుడు మన విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండక్కి మనం మామూలు బట్టల్లో వెళితే పరువేం కావాలన్నది మా బావగారి వాదన. ఆయన ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. ఏ పని నెత్తినేసుకున్నా ముందు ఎక్సెల్ షీటు తెరుస్తారు.

రంగు దగ్గర పేచీ రాలేదు. అమ్మవారి పండగ కాబట్టి పసుపు. వీపు మీద సిరిమాను బొమ్మ ప్రింటు, గుండె మీద ఎంబ్రాయిడరీ. పేర్లు అందరూ వేయించుకుంటారు, మనం వరసలు కుట్టిద్దాం అన్నాడు మా తమ్ముడు. వాడికి కొత్తగా పెళ్ళయింది, ఏ ఐడియా అయినా వస్తుంది. అక్కడ మొదలైంది గొడవ. ఎవరి వైపు నుంచి వరస? నాన్నకి చిక్కు లేదు, అక్క పిల్లలకీ మావాడికీ ఆయన తాతయ్యే. అమ్మ దగ్గర బండి ఆగిపోయింది. అక్క పిల్లలకి అమ్మమ్మ, మావాడికి నాన్నమ్మ. ఏది కుట్టించినా రెండోవాళ్ళు అలుగుతారు. గ్రూపులో గుడ్ మార్నింగులు కూడా మానేసి అందరూ ఇదే చర్చ. చివరికి అమ్మే విసిగిపోయి, "మీ గోల తగలెయ్య! నాకు 'పెద్దామె' అని రాయించండి, ఊరందరికీ సరిపోద్ది" అని తేల్చేసింది. ఆ దారినే మిగతావీ కుదిరాయి. బావగారు పెద్దల్లుడు, అక్క ఆడపడుచు, నేను పెద్ద కొడుకు, తమ్ముడి భార్య కొత్త కోడలు, నాలుగేళ్ళ మావాడు చంటోడు.

షాపు గంటస్తంభం దగ్గర ఓ సందులో ఉంది. టీషర్టులు తిరుప్పూరు నుంచి బోసిగా వస్తాయి, రాతా కుట్టూ ఇక్కడ. షాపతను ఓపికమంతుడు. ప్రింటుదేముంది, ఫిల్ము మీద బొమ్మ తీసి వేడి ప్రెస్సు కింద నొక్కితే అంటుకుపోతుందన్నాడు. అయితే సిరిమాను పొడుగాటి చింతమాను, మన వీపులు మాత్రం అడ్డంగా పెరిగాయి. మాను మొత్తం పట్టించేసరికి చివర కూర్చున్న పూజారిగారు ఎక్కడున్నారో వేలుపెట్టి చూపించాల్సి వచ్చింది. "మానుతో పాటు ఊరేగే అంజలి రథం, పాలధార, తెల్ల ఏనుగు, బెస్తల వల కూడా పెట్టించరా" అన్నారు నాన్న. పెడితే వీపు చాలక పొట్ట మీదికి రావాలి. మానేశాం.

ఎంబ్రాయిడరీ లెక్క వేరు. కుట్ల లెక్కన డబ్బులు. అందరికీ ఒకే లోగో అయితే కంప్యూటర్లో ఒక్కసారి డిజైన్ చేసుకుంటే చాలు. మావి ఎవరి వరస వాళ్ళది కాబట్టి ఒక్కోదానికీ విడిగా చేయాలి. అక్షరాలు మరీ చిన్నవైతే తలకట్టూ వత్తూ కలిసిపోయి పకోడీలా తేలతాయని, కాస్త పెద్దవే పెట్టాడు. మిషను చూడాల్సిందే. చొక్కాని రింగులో బిగించి, బనీను గుడ్డ సాగకుండా వెనక తెల్లటి బ్యాకింగ్ పెట్టి వదిలాడు. సూది టకటకా దిగుతుంటే 'పె' లోంచి ఎర్రదారం పైకొస్తూ నిమిషాల్లో పెద్దామె తయారైపోయింది. అమ్మకి వీడియో పంపితే రెండు దండాలు వచ్చాయి.

మిగతావీ ఇలాగే లిస్టు ప్రకారం కుట్టేస్తానన్నాడు. లిస్టు బావగారిది. గ్రూపులో ఎవరు ముందు సైజు చెబితే వాళ్ళని ముందు ఎక్కించుకుంటూ పోయారు. ఒక గడిలో వరస, పక్క గడిలో సైజు. అంతవరకూ బంగారం. షాపుకి పంపేముందు చూడ్డానికి నీటుగా ఉండాలని వరసల గడిని అక్షరక్రమంలో పెట్టారు. వరసలు కదిలాయి, సైజులు కదల్లేదు. నిజానికి పక్క గడిని కూడా కదపాలా అని ఎక్సెల్ అడుగుతుంది. "ఏదో అడిగిందిరా, అక్కర్లేదులే అని నొక్కాను" అన్నారు తర్వాత. ఆఫీసు లెక్కలు కూడా అలాగే నొక్కుతారా అని అడగబోతే అక్క కళ్ళెర్రజేసింది.

పార్సిల్ సిరిమానుకి ముందురోజు, తొలేళ్ళ నాటి సాయంత్రం విప్పాం. నాన్న 44 తీసి తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. గుండె మీద ఎర్రటి అక్షరాలతో 'కొత్త కోడలు'. అసలు కొత్త కోడలి 36 మీద 'పెద్దామె'. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే ఆ హోదా వచ్చినందుకు ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక గదిలోకి పారిపోయింది, అమ్మ ముఖంలో మాత్రం నవ్వు లేదు. అమ్మకి 'పెద్దల్లుడు' వచ్చింది. నాకు 'ఆడపడుచు'. మా చంటోడి 24 సైజు మీద గుండె చాలక చంకల దాకా పాకిన 'తాతయ్య'. బావగారి 42 మీద 'చంటోడు'. దేవుడున్నాడనిపించింది.

షాపతనికి ఫోన్ చేశాం. "నాకూ డౌటొచ్చిందండీ, 24 సైజుకి తాతయ్య ఏటని. మీ ఇంట్లో సరదాకి అలగ పిలుస్తారేమో అనుకున్నాను." విప్పి మళ్ళీ కుట్టొచ్చా అంటే, బ్లేడుతో దారం తీయొచ్చు గానీ సూది చిల్లులు ఉండిపోతాయన్నాడు. వేరేవి కొనుక్కుందామన్నాడు తమ్ముడు. అమ్మ ఒప్పుకోలేదు. "అమ్మోరి పేరు చెప్పి కుట్టించాం, ఏసుకోండి. అంత జనంలో మన గుండెలు సదివీవోడెవడు?"

దసరా వెళ్ళిన మంగళవారం. ఆటోలు దూరంగానే ఆపేస్తే నడుచుకుంటూ మూడు లాంతర్ల జంక్షన్ చేరాం. సిరిమాను అక్కడున్న అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మొదటిసారి మా ముందు నుంచి వెళ్తుంటే జనం అరటిపళ్ళు విసిరారు, నాన్న ఒక చేత్తో దండం పెడుతూ రెండో చేత్తో గుండె గోక్కుంటున్నారు. లోపలి బ్యాకింగ్ దురద. "కొత్త కోడలికి అంత దురదేంటి" అన్నారు పక్కాయన. అమ్మోరిని చూడకుండా మా గుండెలు చదివేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ హడావిడిలో మావాడి చెయ్యి జారిపోయింది.

మా ఆవిడ ఏడుపు అందుకునేలోపే మైకులో వినిపించింది. "పసుపురంగు టీషర్టు, దాని మీద తాతయ్య అని రాసున్న నాలుగేళ్ళ బాబు మా దగ్గర ఉన్నాడు. సంబంధించినవారు పోలీసు కంట్రోల్ రూముకి రావలెను." చుట్టూ నవ్వులు. మాకు ప్రాణం లేచొచ్చింది.

నాన్నా నేనూ పరిగెత్తాం. వాడు కానిస్టేబుల్ ఒళ్ళో కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. నాన్నని చూసి "తాతయ్యా!" అని అరిచాడు. కానిస్టేబుల్ వాడి గుండె చూశాడు, నాన్న గుండె చూశాడు.

"బాబుకి మీరేటవుతారండీ?"

"తాతయ్యని."

"చొక్కా మీద కొత్త కోడలని ఉందేటి?"

"అది వేరే కథ బాబూ."

"మరి ఈయన?" అంటూ నా వైపు తిరిగాడు. నేను చేతులు కట్టుకుని 'ఆడపడుచు'ని దాచుకున్నాను గానీ అప్పటికే చదివేశాడు. ఈలోగా మా సాక్ష్యం చెప్పడానికి పెద్దల్లుడి చొక్కాలో అమ్మ, వెనకే చంటోడి చొక్కాలో బావగారు రొప్పుతూ వచ్చారు. కానిస్టేబుల్ ఇంకేం అడగలేదు. ఆధార్ కార్డు చూసి, రిజిస్టరు ముందుకి తోశాడు. బాబు పేరు దగ్గర ముందే రాసేసుకున్నాడు: తాతయ్య. తీసుకెళ్తున్నవారు ఏమవుతారు అన్నచోట నాన్న రాశారు: తాతయ్య.

బావగారు నాన్న భుజం మీంచి తొంగిచూసి అన్నారు, "రెండు గళ్ళూ టాలీ అయ్యాయి కదా, ఇంకేంటి?"