కానుగ బతకడం వేరు, కాయడం వేరు
బీడు భూమిలో నీళ్లు, ఎరువు లేకుండానే బయోడీజిల్ పంట పండుతుందని ఒక వ్యాసంలో రాశారు. ఈ మాట నమ్మితే రైతు మునిగిపోతాడు. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017కల్లా డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలంది. జట్రోఫా అనే నూనెగింజ మొక్కను నమ్ముకున్న ఆ లెక్క నెరవేరలేదు. బీడు నేలలో జట్రోఫా మొక్క చావదు, నిజమే. కానీ కాయలు ఒక్కసారిగా పండవు, మళ్లీ మళ్లీ కోయించాలి. గింజ డబ్బు కూలికే పోతుంది.

బయోడీజిల్ కోసం నేనైతే కానుగే వేయమంటాను. గింజ మొలకలు మాత్రం వద్దు: ఒక చెట్టు విరగకాస్తే పక్కది ఐదారేళ్లైనా పూతకు రాదు. బాగా కాసే చెట్టు కొమ్మతో అంటుకట్టినవే తీసుకోండి. రెండడుగుల గుంత, 6 మీటర్ల ఎడం, ఎకరాకు సుమారు 110 మొక్కలు. అంటు కింద లేచే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే అడుగు మొక్కే చెట్టవుతుంది. మొదటి రెండు వేసవులు నీళ్లు పోయక తప్పదు.

తడి ఆరని గింజను బస్తాకెత్తితే బూజు పట్టి నూనెలో ఆమ్లం పెరుగుతుంది. డీజిల్‌గా మార్చడానికి ఆ నూనెలో నేరుగా క్షారం కలిపితే డీజిల్ విడిపోదు, సబ్బు కడుతుంది. వంద కిలోల గింజ ఆడిస్తే పాతిక కిలోల దాకా నూనె వస్తుంది. నూనె తీశాక మిగిలిన గింజల పిప్పి (చెక్క) మంచి ఎరువు, దాన్ని లెక్కలో వేసుకోకపోతే కానుగా గిట్టదు.